అంజవ్వ అడిగే ఒక్క మేకు

పాప ఇక మాట్లాడదేమో.

దానికి ఏడాదిన్నర దాటింది. అదే వయసున్న పక్కింటి పిల్లవాడు అప్పుడే వాళ్ల మేనత్తను పేరు పెట్టి పిలుస్తున్నాడు. మా పాప చూస్తుంది, నవ్వుతుంది, అంతే. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట బొమ్మల పుస్తకం ముందు పెట్టి ఇదేంటి, ఇదేంటి అని అడుగుతాను. డాక్టరు వినికిడి పరీక్ష చేయించి బాగానే ఉందన్నారు. ఆరు నెలలు చూద్దామన్నారు. అందులో మూడో నెల నడుస్తుండగా అంజవ్వ మా నర్సరీకి నర్సన్నను తీసుకొచ్చింది.

నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. రుద్రూర్ దగ్గర రామకోటేశ్వరరావు గారి చెరకు నర్సరీలో పని చేస్తున్నాను. చెరకు గడకు ప్రతి కణుపు దగ్గరా మొలకెత్తే కన్ను ఒకటి ఉంటుంది. ఆ కన్ను ఉన్న చిన్న ముక్కను మాత్రమే కోసి, మందు నీళ్లలో ముంచి, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో పెడతాం. నెల తిరిగేసరికి నారు అవుతుంది. రైతులు వచ్చి ట్రేలు పట్టుకెళతారు.

అంజవ్వకు అరవై దగ్గర పడ్డాయి. పుట్టింది ధర్పల్లిలో. పెళ్లయి నిజామాబాద్ వచ్చి బీడీలు చుట్టింది. భర్త చనిపోయాక అద్దె గది ఖాళీ చేయించారు. ఆ తర్వాత నాలుగేళ్లు రైల్వేస్టేషన్ బయట సైకిల్ స్టాండ్ గోడ పక్కన పడుకుంది. ఎవరైనా అడిగితే ఆ సంగతి బస్సు టైము చెప్పినట్టు చెబుతుంది. అడగకపోతే చెప్పదు. చివరికి ఇల్లు లేనివాళ్ల కోసం నడిపే ఒక వసతి గృహంలో వంటకు కుదిరింది. అక్కడికి వచ్చేవాళ్లకు పడుకోవడానికి చోటు దొరుకుతోంది గానీ, తెల్లారితే వెళ్లడానికి చోటు దొరకడం లేదని ఆమెకు తెలిసింది. మధ్యాహ్నం వంట దించాక హోటళ్లు, కుట్టు దుకాణాలు, పొలాలు తిరిగి పని నేర్పేవాళ్లను వెతకడం మొదలుపెట్టింది. పని కుదిరినవాళ్లకు గది వెతికేది. అలా ఇరవై మందికి పైగా ఇళ్లలో పడ్డారు.

నర్సన్నకు యాభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లు చెరకు కోత కూలీ. భార్య పోయాక బోధన్ బస్టాండు చూరు కింద ఉండిపోయాడు. బట్టలన్నీ ఒక యూరియా సంచిలో. పడుకునేటప్పుడు దాని మూతి తాడును కాలికి కట్టుకునేవాడట. మా దగ్గర పని చేసేటప్పుడు పాదాల మధ్య పెట్టుకునేవాడు.

"మోటారు షెడ్డు పక్కన గది ఖాళీయే కదా అంజమ్మా, అందులో ఉండమను" అన్నారు రావు గారు మొదటిరోజే.

"వద్దు సారూ. రేపు నీకు కోపమొస్తది, పని పోతది. ఒక్క కోపానికి రెండు పోవద్దు."

"నాకంత కోపం ఎక్కడ చూశావు?"

"నీకు లేదు. నీ కొడుక్కుండచ్చు."

రావు గారు నవ్వారు.

గది బోధన్‌లో చూసింది. బీడీలు చుట్టే సవిత అనే ఆమె ఇంటి వెనక భాగం. రెండు నెలలు విడవకుండా పని చేస్తే నర్సన్న పేరు మీదే కిరాయి కాగితం రాసిస్తానంది సవిత. అప్పటిదాకా అతనికి వసతి గృహమే. అంజవ్వ ఇంకొకటి కూడా ఒప్పించుకుంది. గోడకు ఒక్క మేకు కొట్టనివ్వాలి. కిరాయి ఇళ్లలో దీనికే ఎక్కువ పేచీ. గోడ పాడవుతుందంటారు. అంజవ్వ మాత్రం ఎంత మంచి గదైనా మేకు కొట్టనివ్వకపోతే వదిలేస్తుంది.

నర్సన్నకు పని నేను నేర్పాను. కోత పరికరం మీట నొక్కి కన్ను ముక్కను ఎలా కోయాలో, మందులో ఎంతసేపు ఉంచాలో, ట్రేలో కన్ను పైకి ఎలా పెట్టాలో. ఒక్కరోజులో పట్టుకున్నాడు. పొద్దున్నే పొలంలో గడలు కొట్టి, ఆకు తీసి, కట్టలు కట్టి తెచ్చేవాడు. నేను పాపను అత్తమ్మకు అప్పగించి తొమ్మిదింటికి వచ్చేసరికి గడలు కడిగి పెట్టినంత శుభ్రంగా ఉండేవి.

రెండు వారాలైనా ట్రేలలో మొలక రాలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువుందేమోనని పరీక్షించాను. మందు మార్చాను. థర్మామీటరు పెట్టి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఏంటమ్మా వినీతా ఇది? రైతులకు ఏం చెప్పను?" అన్నారు రావు గారు.

"మనిషిని మార్చి చూద్దాం సార్" అన్నాను.

ప్రయోగంలో ఒక్కో అంశం మార్చి చూస్తాం కదా, అలాగే అన్నాను. అంటున్నప్పుడు ఏమీ అనిపించలేదు. నర్సన్న నాలుగడుగుల దూరంలో ట్రేలు కడుగుతున్నాడు. తలెత్తలేదు. సంచిని మాత్రం కాలితో దగ్గరకు లాక్కున్నాడు.

రావు గారు అంజవ్వకు ఫోన్ చేశారు. పని పోతే గదీ పోతుంది. సవిత ఎవరికోసమూ ఆగదు. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. అంజవ్వ నన్నూ ఏడింటికే పొలానికి పిలిచింది. నేను మందుల పెట్టె, లెన్సు పట్టుకుని వెళ్లాను.

"గా డబ్బా కింద పెట్టు బిడ్డా. చెరకుకు జరం రాలే" అంది. తర్వాత గట్టు మీద కూర్చుని, "నర్సన్నా, నన్ను సూడకు. రోజు ఎట్ల జేస్తవో గట్లనే చెయ్" అంది.

నర్సన్న కత్తి తీశాడు. గడ మొదలు మీద ఒక్క వేటు వేశాడు. ఎడమ చేత్తో పట్టుకుని, కత్తి వీపుతో పైనుంచి కిందికి సర్రున గీకాడు. తిప్పి మళ్లీ ఒకసారి. ఆకంతా రాలిపోయింది. నేను ఊపిరి తీసి వదిలేలోపు గడ నున్నగా తయారైంది.

అంజవ్వ నా వైపు చూసింది. ఆ గడ అందుకుని కన్నును బ్లేడుతో చీల్చాను. పైకి బాగానే ఉంది. లోపల నలిగి ఉంది. గీకిన ప్రతి గడా అంతే. మేము మొలిపించాలని చూసిన కళ్లన్నీ మా దగ్గరకు రాకముందే చచ్చిపోయాయి.

"గిట్లెందుకు గీకుతున్నవ్ నర్సన్నా?" అంది అంజవ్వ.

"ఆకుంటే ఫ్యాక్టరీల తూకం కోస్తరు గదా అవ్వా." అతను ఇంత పొడుగు మాట అనడం నేను అప్పుడే విన్నాను. "సాఫ్ ఉండాలంటరు. నా చెరకుకు ఎన్నడు కొయ్యలే."

"గది గానుగకు పోయే చెరకు. ఇది మొలిచే చెరకు."

"గా ముచ్చట నాకెవ్వలు జెప్పిండ్రు?"

ఎవ్వరూ చెప్పలేదు. విత్తనపు గడ ఆకును చేత్తో మెల్లగా వలవాలని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. కోత కూలీకి ఆకు తీయడం నేర్పేదేముందని నేను ఆ మాట వదిలేశాను.

తప్పు నాదని రావు గారికి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు.

"సరే, ఇంకొక్క విడత. ఈసారీ రాకపోతే నేను చేసేదేం లేదు" అన్నారు.

"ఆకు వలిచేకాడ నర్సన్ననే ఉంటడు సారూ. పక్కన కూసోని సూసుడుకు మేడమే కొత్త, జర పైలం" అంది అంజవ్వ.

నర్సన్న ఆ విడతంతా చేత్తోనే వలిచాడు. చెరకు ఆకు అంచు కోస్తుంది. వేళ్లకు పాత గుడ్డలు చుట్టుకున్నాడు. నేను రోజూ ఏడింటికే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. ఎనిమిదో రోజు పొట్టులోంచి పచ్చటి మొనలు లేచాయి. ట్రే తర్వాత ట్రే. సంతోషపడాలని తెలుసు. నోటు పుస్తకంలో తేదీ వేశాను.

రెండు నెలలు నిండిన ఆదివారం సవిత కాగితం మీద సంతకం చేసింది. నర్సన్న వేలిముద్ర వేశాడు. అంజవ్వ కొంగుముడిలోంచి మేకు తీసి అతని చేతిలో పెట్టింది. సుత్తి లేదు. సవిత రోకలి ఇచ్చి, "గోడ పగలగొట్టకు అన్నా" అంది. మేకు కొంచెం వంకరపోయింది. అరచేతి వెడల్పున సున్నం రాలింది. సవిత మూతి ముడిచింది. నర్సన్న యూరియా సంచిని ఆ మేకుకు తగిలించాడు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత చాప మీద కూర్చున్నాడు.

బస్టాండుకు నడుస్తూ, మనిషిని మార్చమన్నది నేనేనని అంజవ్వతో చెప్పాను. "ఎర్కే" అంది. పాప సంగతి కూడా చెప్పాను. పుస్తకం గురించి, పొద్దున అరగంట గురించి, సాయంత్రం అరగంట గురించి. ఆమె నిజామాబాద్ బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూస్తూనే విన్నది.

డాక్టరు చెప్పిన గడువులో ఇంకో నెల ఉంది. పాప ఇంకా మాట్లాడలేదు. భయం పోలేదు. పొద్దున పుస్తకం తెరవడం మాత్రం మానేశాను. వంటింట్లో నేల మీద కూర్చుంటాను. పాప స్టీలు డబ్బాలన్నీ బయటికి లాగి మూతలు పెడుతుంది. ఏ మూత ఏ డబ్బాదో దానికి తెలుసు. ఎప్పుడు నేర్చుకుందో నేను చూడలేదు. బస్సు ఎక్కే ముందు అంజవ్వ చెప్పింది ఇంతే:

"నేర్పుడు తర్వాత, బిడ్డా. గా చేతులకు ముందే ఏమొచ్చో సూడు. దినాం ఒక్క గడియ ఏమడగకుండ కూసోని సూడు."