ఫిల్మ్‌నగర్‌లో కొన్న మంచు బూట్లు

మొదటిసారి హిమాలయాలకు ట్రెకింగ్‌కి వెళ్దామని, సామాను కొనడానికి కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చాను. జూబ్లీహిల్స్ షాపుల్లో ధరలు చూసి ఉసూరుమన్నాను. అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. బూట్లు, జాకెట్, చేతికర్రలు, అన్నీ కొత్తవే, సగం ధరకే. చిరునామా ఫిల్మ్‌నగర్ బస్తీ.

తలుపు తీసిన సరిత సినిమాల్లో హీరోయిన్లకు డూపుగా దూకే ఫైటర్. కుడికాలు ఈడ్చి నడుస్తోంది.

"రా అక్కా, కూసో. తొడుక్కొని చూడు," అంది.

మా వైపు కొత్తవాళ్లను 'మీరు', 'అండీ' అంటాం. ఆ 'రా' కాస్త చివుక్కుమనిపించింది. ఇంతలో ఆమె కష్టంగా నేలమీద కూర్చుని, సొంత చెల్లెలిలా నేను తొడుక్కున్న బూట్ల లేసులు బిగించింది.

"ఒక్కసారి కూడా వాడలేదేంటండీ?"

"కొండకు పోయే వారం ముందు షూటింగ్‌ల పడ్డ. మోకాలు పోయింది. ఇగ కొండలెక్కుడు లేదన్నరు డాక్టర్లు."

బూట్లు, జాకెట్ చాలు, కర్రలు ఇంట్లో ఉన్నాయన్నాను. ఆమె ముఖం మారిపోయింది.

"పైసలియ్యకు, గవి గూడ తీస్కపో అక్కా. ఒక్కటి మిగిలినా మళ్ల ఆశ పుడ్తది."

అన్నీ తీసుకున్నాను. వెళ్తూ వెళ్తూ, ఊరటగా ఉంటుందనుకుని, "పైకెక్కాక ఫోటోలు పంపిస్తానండీ," అన్నాను.

గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి రెండు చేతులూ జోడించింది. "పంపకు అక్కా. నీకు దండం పెడ్త."

మెట్లు సగం దిగేసరికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. వెనక్కి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.