బుచ్చిరాములు చెప్పిన అరవ సినిమా

లక్సెట్టిపేట డేరా టాకీసులో బుచ్చిరాములు పని, తెర పక్కన నిలబడి కథ చెప్పడం. హిందీ బొమ్మ ఆడుతుంటే కట్టెతో చూపిస్తూ "గీయన హీరో, గామె మేనమామ బిడ్డ" అని అరిచేవాడు. వరస కలిపి చెప్తేనే మనవాళ్లకు కథ ఎక్కుతుందని అతని నమ్మకం. గోదావరి అవతలి ఒడ్డువాళ్లు టికెట్ లేకుండానే అతని కథ వినేవారంటే మా మనవలు నమ్మరు.

పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేళ్లకు ఒకనాడు మంచిర్యాల స్టేషనులో పొరపాటున వేరే సినిమా పెట్టె దిగింది. తెరిస్తే అరవ సినిమా. యజమాని హనుమంతు తల పట్టుకొని, "నీకు అరవం సమజైతదారా?" అన్నాడు.

"షోలాపూర్ బట్టల మిల్లుల నా పక్క సాంచ మీద నేసెటోడు అరవాయనే ఉండె. ఫికర్ జెయ్యకు."

ఆ సాయంత్రం ఊళ్లోకి కొత్తగా వచ్చిన బాబాజీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. వెనక నేల మీద కనకవ్వ. కొడుకు జ్వరం తగ్గితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టేస్తానని ఆమె మొక్కుకుంది, తగ్గింది. "గంత దూరం నువ్వెందుకమ్మా, నాకియ్యి, నేనే కట్టేస్త" అన్నాడు బాబాజీ. తెల్లారితే అప్పగించాలి. అట్లా ఇస్తే మొక్కు చెల్లుతుందా, చెల్లకపోతే పిల్లవాడి గతేమిటని ఆమెకు గుబులు.

తెర మీద జడలు, విభూతి, పొడుగు గడ్డంతో ఒక సాధువు వచ్చాడు.

"మహానుభావుడు! మొక్కుండ్రి!" అన్నాడు బుచ్చిరాములు. కొబ్బరికాయలు పగిలాయి. కాసేపటికి ఆ సాధువు అమ్మవారి మెడలో హారం తీశాడు.

"ఏందిరో గిది?" అన్నారు జనం.

"మెరుగు వెట్టించనీకె తీస్కపోతుండు."

సాధువు సీసా ఎత్తాడు.

"తీర్థం!"

సాధువు అద్దం ముందు నిలబడి గడ్డం ఊడబీకాడు. బాబాజీ బుచ్చిరాములునే గుర్రుగా చూస్తున్నాడు. "గీయన ఆయన గాదు! దొంగోడు ఆయన ఏషం గట్టిండు!" అని అరిచాడు బుచ్చిరాములు.

"మరి అసలాయన ఏడున్నడు?" అంది కనకవ్వ.

"జర ఆగవ్వా, నాగ్గూడ తెల్వదు."

"మరి మనాయన అసలాయనేనా?" అంటూ ఆమె లేచి, బాబాజీ గడ్డం పట్టి గుంజింది.

బాబాజీ పెట్టిన కేకకు గోదావరిలో మొసళ్లు ఒడ్డెక్కాయి. గడ్డం మాత్రం ఊడలేదు. అసలుదే.

ఆమెను తిట్టాలో, ఆయనకు మొక్కాలో జనానికి తేలలేదు. "నీ కోడె నాకద్దు! నీ మొఖం సూడ!" అని బాబాజీ కుర్చీని తన్ని వెళ్లిపోయాడు.

కనకవ్వ ఏడుపందుకుంది. "గడ్డం నిజందే గదా బుచ్చిరాములూ! నేను తప్పు జేస్తినా?"

"నన్నడిగితే ఏం జెప్పాలవ్వా? నా పక్క సాంచ అరవాయన మూగోడు."

తెల్లారి ఆమె కోడెను తనే తోలుకొని వేములవాడ బయలుదేరింది. గడ్డం గుంజిన పాపం తనకూ అంటుకుందేమోనని బుచ్చిరాములు వెంట నడిచాడు. గుడి చుట్టూ తిప్పి, కోడెను కట్టేసి వచ్చారు. పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు. బుచ్చిరాములు మాత్రం ఏ గడ్డపాయన ఎదురైనా చేతులు సగం జోడించి, ఆ గడ్డం వంక చూస్తూ, మిగతా సగం జోడించాలో వద్దో తేలక అట్లాగే నిలబడిపోయేవాడు.