గుమ్మంలో నాన్న పెట్టె

మా పాప మైనపు రంగుల డబ్బా మూత తీస్తే చాలు, ఆ వాసనకి బిలాస్‌పూర్‌లో మేం దీదీ అని పిలిచే కౌన్సెలరు పిల్లల చేత బొమ్మలు గీయించే గది గుర్తొస్తుంది. నాన్న పోయాక నేను మాటలు మానేశానని అమ్మ నన్నక్కడికి తీసుకెళ్లేది.

నాన్న రైలు డ్రైవరు. డ్యూటీ దిగి రాగానే ఇనుప పెట్టె గుమ్మంలో పెట్టి, పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేవాడు. ఆఖరిసారి ఆ పెట్టెను తోటి డ్రైవర్లు తెచ్చి పెట్టారు.

నేనెప్పుడూ మా క్వార్టరు, గుమ్మంలో పెట్టె, తెరిచిన తలుపు గీసేదాన్ని. బొమ్మ గురించి ఏమీ అడగొద్దని దీదీ చెప్పినా, ఓరోజు అమ్మ ఉండబట్టలేకపోయింది.

"తలుపు తీసే ఉంచీసినావేటే?"

"పెట్టె వచ్చీసింది కదమ్మా. నాన్న కాళ్లు కడుక్కుంతన్నాడు."

నా గొంతు వినాలని మొక్కుకున్న అమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను మళ్లీ మాట్లాడినందుకు సంతోషమని చాలా ఏళ్లు అనుకున్నాను.