చావు పాటల ఫణికుమార్

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన అద్దెగదిలో ఉండే ఫణికుమార్‌కు మనుషులంటే ఏవగింపు. ముఖానికి ముగ్గుపిండి, కళ్ల చుట్టూ కాటుక పూసుకుని, రగ్గు ముసుగేసుకుని, చావు మీద గొంతు చించుకుని అరుస్తాడు. దాన్ని బ్లాక్ మెటల్ సంగీతం అంటారట. ఏ పాటకైనా ముప్పై క్యాసెట్లకు మించి చేయడు. నలుగురికీ నచ్చేది కళే కాదట. అయితే బస్సుల మోత లేకుండా రికార్డు చేయాలంటే మాత్రం తెలంగాణ బంద్ రావాలి. ఉద్యమం అతనికి పట్టదు గానీ, బంద్ తేదీలకు క్యాలెండర్లో సున్నాలు చుట్టుకుంటాడు.

అలాంటి ఒక బంద్ మధ్యాహ్నం అతను మొదటి కేక పెట్టగానే, కింది వాటా అండాలమ్మ బిందెతో పరుగెత్తుకొచ్చి, తలుపు తోసి, నీళ్లన్నీ అతని నెత్తిన గుమ్మరించింది. తెలంగాణ కోసం పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటున్న రోజులవి.

“పానం తీస్కోకు బిడ్డా! మీ అమ్మకేమని జెప్పాలె నేను?” అని అతన్ని తడిసిన రగ్గుతో సహా పొదివి పట్టుకుని బావురుమంది.

“పాటండీ ఆంటీ, పాట పాడుతున్నాను,” అన్నాడు ఫణి, ముగ్గునీళ్లు గడ్డం మీదుగా కారుతుండగా.

“గిది పాటనా?” అని చెంప ఛెళ్లుమనిపించి, ఆమె మళ్లీ ఏడ్చింది. బల్ల మీది కంప్యూటర్ రికార్డు చేస్తూనే ఉంది.

ఆ రోజు రికార్డయిన క్యాసెట్ తెప్పించుకుని విన్న నార్వే అభిమాని ఒకడు, చివర్లో వచ్చే ఆ ఏడుపు ఒక్కటే తన ఒళ్లు జలదరింపజేసిందనీ, ఆ గొంతు ఎవరిదో చెప్పమనీ రాశాడు.

“నాదే,” అని జవాబిచ్చాడు ఫణికుమార్.