కోరంగిలో వేసిన చెక్కలు

కెనడాలో హాలిఫాక్స్ దగ్గర ఒక చిన్న మ్యూజియంలో పాత తెరచాప ఓడ గురించి మూడు వాక్యాల బోర్డు ఉంది. అందులో చివరి వాక్యాన్ని మార్చారు. ఎందుకు మార్చారో ఎక్కడా రాసి లేదు. రేపు ఆ బోర్డుకు రంగు వేసేవాళ్ళు పాత వాక్యాన్నే తిరిగి పెట్టవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డిప్లొమా కోర్సుకు వచ్చిన ఏడాది ప్రతి బస్సులోనూ తెలుగు వినిపించేది. బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. చలికి లైబ్రరీలో కూర్చోవడం అలవాటై, కాలేజీ చెప్పనివి చాలా అక్కడే చదువుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ ఓడను పంతొమ్మిదో శతాబ్దంలో ఈ తీరంలోనే కట్టారు. ఉప్పుచేపలు, కలప మోసింది. చివరికి బియ్యం కోసం బంగాళాఖాతానికి వెళ్ళి, ఇసుక మేటకు తగిలి అడుగు చెక్కలు దెబ్బతింటే కోరంగిలో కొత్తవి వేయించుకుంది. ఆ తరువాత తీరం వెంట పైనున్న మరో రేవులో సరుకు కోసం ఐదు వారాలు ఖాళీగా నిలబడింది. బియ్యం ఎక్కించుకుని బయలుదేరిన మూడో రోజున మునిగిపోయింది. మనుషులందరూ పడవల్లో బయటపడ్డారు. బోర్డు చివరి వాక్యం ఇది: 'కోరంగిలో చేసిన నాసిరకం మరమ్మతు వల్ల మునిగింది.'

మాది కోరంగి పక్కన తాళ్ళరేవు. మా ఇంట్లో మూడు తరాలు చెక్క ఓడలు కట్టారు.

మ్యూజియంలో వాలంటీరుగా ఉన్న పెద్దావిడ ఆ కెప్టెన్ మునిమనవరాలు. నేను ఆమె ముందు నిలబడి, మావాళ్ళు అలా చేయరని అన్నాను.

"మా ముత్తాత ఉత్తరంలో అలాగే రాశాడు," అంది ఆమె. "నీ దగ్గర ఏముంది?"

ఏమీ లేదు. సిగ్గుపడి వచ్చేశాను.

లైబ్రరీలో స్థానిక చరిత్ర గది చూసే ఆవిడ ఆ ఓడ మేటు, అంటే కెప్టెన్ తరువాతి అధికారి, రాసుకున్న దినచర్య నకలు తీసి ఇచ్చింది. వారం రోజులు చదివాను. రేవులో ఉన్నప్పుడు రోజూ ఒకే మాట: 'రెండు పూటలా పక్కలకు నీళ్ళు కొట్టించాను.' ఓడ కడుగుతున్నారనుకుని ఆ పేజీలు గబగబా తిప్పేశాను.

"ఏందిరా, అసైన్‌మెంట్ ఇడిచిపెట్టి మునిగిన ఓడ ఎంబడి పడ్డవ్?" అన్నాడు కరీంనగర్ రూమ్మేట్. "పర్మనెంట్ రెసిడెన్సీకి పాయింట్లొస్తయా?"

"రావు. బోర్డు మీద మా ఊరి పరువు పోతోంది."

"అట్లనా? శనివారం నీ కాఫీ షాప్ షిఫ్ట్ నేను చేస్తా తియ్. పోయి చదువుకో."

ఆ శనివారం పొద్దున్నే పెదనాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయన ఇప్పటికీ పడవల పని చేస్తున్నారు. అంతా విని, ఒకటే అడిగారు.

"నిలబడున్నన్నాళ్ళూ నీళ్ళు కొట్టారా?"

"కొట్టారు పెదనాన్నా. కడగడానికి."

"కడగడానికి కాదురా. ఖాళీ ఓడ పైకి తేలుద్ది. ఎండకి పై చెక్కలు ఎండిపోయి సందులు తెరుచుకుంటాయి. సరుకేస్తే ఆ చెక్కలే నీళ్ళలోకి దిగుతాయి. రోజూ కొట్టారో లేదో చూడు."

పరుగున లైబ్రరీకి వెళ్ళాను. నాలుగో వారంలో మేటుకు జ్వరం వచ్చింది. అక్కడి నుంచి పదకొండు రోజులు ఆ వాక్యం లేదు. అప్పటిదాకా నేను చదవని చివరి పేజీలో ఇలా ఉంది: 'నీరు పక్కల పైభాగం నుంచి వస్తోంది. అడుగున కొత్త చెక్కలు గట్టిగా ఉన్నాయి, వాటి సందుల్లోంచి చుక్క రావడం లేదు.'

మ్యూజియంకు తీసుకెళ్తే, పెద్దావిడ ఆ పేజీలను కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది.

"మా ముత్తాత అబద్ధం రాశాడంటావా?"

"లేదు మేడమ్. ఆయన అనుకున్నది ఆయన రాశారు. నేనూ ఈ పేజీలు చదివి ఓడ కడుగుతున్నారనే అనుకున్నాను."

 ఆమె కాగితం తీసుకుని తానే రాసింది: 'మునగడానికి కారణం తేలలేదు కానీ, కోరంగిలో వేసిన చెక్కలు చివరి వరకూ నిలిచాయి.' నెల తిరిగేసరికి బోర్డు మారింది. దాని ఫోటో పంపితే, పెదనాన్న ఫోన్ పట్టుకుని పడవల దగ్గర అందరికీ చూపించారట.

పేర్లు రాయవద్దని వాళ్ళే అన్నారు కాబట్టి, నేను పిలిచే పిలుపులతోనే చెప్పుకుంటాను. అడగని కాగితం కూడా వెతికి ఇచ్చిన లైబ్రరీ మేడమ్‌కు; శనివారం నా బదులు కాఫీ కౌంటర్‌లో నిలబడిన కరీంనగర్ దోస్తుకు; సరైన ప్రశ్న అడిగిన పెదనాన్నకు; జ్వరం తగ్గగానే మళ్ళీ కలం పట్టిన ఆ మేటుకు; తన ఇంటి మాటను తన చేతితోనే దిద్దిన పెద్దావిడకు నా కృతజ్ఞతలు.