కోడో గద్దో తేలని రాగి పక్షి కోసం బాలింకాలిగ్ దాకా

డబ్లిన్ దగ్గరి నేస్‌లో మా అమ్మాయి శ్రావణి కొనాలనుకున్న ఇంటి కప్పు మీద ఒక రాగిరేకు పక్షి ఉంది. గాలి ఎటు నుంచి వస్తే అటు ముఖం తిప్పుతుంది. ఇలాంటివాటిని ఇక్కడ వెదర్‌వేన్ అంటారు. వంకర ముక్కు, నున్నటి తల, కిందికి వాలిన తోక చూసి నేను గద్ద అనుకున్నాను. ఇంటి మీద గద్ద వాలితే ఇల్లు ఖాళీ చేసి, శాంతి చేయించుకునే కుటుంబంలో పుట్టాను. అలాంటిది, వాలి కూర్చున్న ఇంటినే కొనమని ఎలా చెప్పను? ఇల్లు అమ్మిపెట్టే మనిషిని ఇక్కడ ఆక్షనీర్ అంటారు. ఆయన అది కోడి అన్నాడు. పక్కింటాయన నెమలి అన్నాడు.

శ్రావణి, మా అల్లుడు, వాళ్ల పాప ఇప్పుడు ఉంటున్న అద్దె ఇంటిని యజమాని అమ్మేస్తున్నాడు. రెండు నెలల్లో ఖాళీ చేయాలి. కొత్త ఇంటి సంగతి శుక్రవారంలోగా చెప్పకపోతే అది మరొకరికి పోతుంది. నేను సరేననకుండా శ్రావణి కొనదు. "కోడి అయితే ఓకేనా అమ్మా?" అని అడిగింది. సుబ్రహ్మణ్యస్వామి ధ్వజం మీద ఉండేది కోడే కాబట్టి అభ్యంతరం లేదన్నాను. దాంతో తను నెట్‌లో వెతికి, పాత వెదర్‌వేన్లు సేకరించే మోరీన్ అనే ఆవిడను పట్టుకుంది. ఆవిడ ఉండేది కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో. గురువారం శ్రావణి ఆఫీసుకు సెలవు పెట్టింది.

నేస్ వాళ్లు రైలెక్కాలంటే సాలిన్స్ వెళ్లాలి. అక్కడి నుంచి డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌కు వచ్చి, ఉదయం తొమ్మిది గంటల కార్క్ రైలు పట్టుకున్నాం. కార్క్ దక్షిణాన ఉంటే మేము ముందు డబ్లిన్ వైపు ఎందుకు వెళ్లామో నాకు అర్థం కాలేదు. నేరుగా వెళ్లే రైళ్లు సాలిన్స్‌లో ఆగవట. నెట్‌లో ముందుగా టికెట్టు కొంటే మనిషికి ఒకవైపు ఇరవై యూరోల పైచిలుకు అవుతుంది. ప్రయాణం రెండున్నర గంటలు. పులిహోర కట్టుకెళ్లడం వల్ల రైల్లో టీకి తప్ప ఖర్చు కాలేదు. కిటికీలోంచి చూస్తే చర్చి శిఖరం మీద కోడి, ఓ పశువుల కొట్టం మీద గుర్రం, ఇంకో ఇంటి మీద చేప కనిపించాయి. నీళ్లలో ఉండవలసిన చేపను తీసుకెళ్లి అంత ఎత్తున ఎందుకు పెట్టారో తెలియలేదు.

కార్క్ స్టేషన్ నుంచి ఊరి మధ్యకు నడిచి 220 నంబరు బస్సు కోసం నిలబడ్డాం. చెయ్యి ఊపకపోతే బస్సు ఆగదు. డబ్బు వేసుకుని వాడే లీప్ కార్డు ఉంటే టికెట్టు రెండు యూరోల లోపే. బాలింకాలిగ్ వెళ్తుందా అని డ్రైవరును అడిగాను.

"వెళ్లకపోతే మా ఆవిడ ఊరుకోదు, మా ఇల్లు అక్కడే" అన్నాడు. పని మీదా, చుట్టపుచూపుగానా అని అడిగితే వెదర్‌వేన్లు చూడటానికి అని చెప్పాను. "కార్క్‌లో వాన అన్ని వైపుల నుంచీ వస్తుంది. దానికి కోడి దేనికండీ?" అన్నాడు.

మోరీన్‌కు నా వయసే ఉంటుంది. మా కోసం ఇంటి వెనక షెడ్డు తెరిచింది. ప్రవేశ రుసుము లేదు, ముందుగా ఫోన్ చేస్తే చాలు. గోడల నిండా గుర్రాలు, కుందేళ్లు, నక్కలు, ఒక పంది, పేరు చెప్పలేని కొన్ని జంతువులు. కమ్మరులు, రేకు పనివాళ్లు ఎవరికి వచ్చినట్టు వాళ్లు చేసినవట. ఒక్కదాని మీదా చేసినవారి పేరు లేదు. కన్ను ఉండాల్సిన చోట మేకుతో కొట్టిన చిల్లు. ఒక నక్క ఒంటి నిండా చిల్లులే. అవి తుపాకీ గురి చూసుకున్నవారి పనట. పక్కనే ఉన్న ఒక ఆవుకు గుర్రానికి ఉన్నంత తోక ఉంది. ఇదేమిటని అడిగాను.

"తోక వైపు రేకు ఎక్కువ ఉండాలి. గాలి దాన్ని వెనక్కి నెడితేనే ముఖం గాలికి ఎదురు తిరుగుతుంది. ముందు సరిగ్గా తిరగాలి, పోలిక తర్వాత" అంది మోరీన్.

శ్రావణి ఫోన్‌లో మా పక్షి ఫోటో చూపించింది. మోరీన్ కళ్లద్దాలు మార్చుకుని చాలాసేపు చూసింది. "కోడే అయివుండాలి. తల మీది జుట్టు విరిగిపోయినట్టుంది" అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆవిడ గోడ మీది నుంచి రెండు పక్షులను దించి బల్ల మీద పెట్టింది. రెండూ మా పక్షిలాగే ఉన్నాయి.

"ఇది గద్ద. ఇది జుట్టు పోయిన కోడి" అంది. మళ్లీ చూసి వాటి చోట్లు మార్చింది. "కాదు, ఇదీ కోడి. కోడి అని చెప్పే అమ్మారు నాకు. ఇప్పుడు నాకే నమ్మకం లేదు."

"ఆంటీ, ప్లీజ్, ఏదో ఒకటి చెప్పండి" అంది శ్రావణి.

"అబద్ధం చెప్పమంటే చెప్తాను" అంది మోరీన్. తర్వాత నా వైపు తిరిగి, గద్ద అయితే ఏమవుతుందని అడిగింది.

ఇంట్లోవాళ్లకు కీడు జరుగుతుందని, అందుకే ఆరు నెలలు ఇల్లు విడిచి వేరేచోట ఉంటారని చెప్పాను. శాంతి చేయిస్తే అన్నాళ్లు అక్కర్లేదని కొందరంటారని కూడా చెప్పాను. అదే గద్ద గరుత్మంతుడని దణ్ణం పెట్టేవాళ్లూ ఉన్నారని చెప్పేసరికి మోరీన్ ముఖంలో నాకున్న అయోమయమే కనిపించింది.

శ్రావణి పక్షుల వైపు కూడా చూడటం లేదు. "ఆరు నెలలు ఇల్లు వదిలిపెట్టాలంటే ముందు ఇల్లంటూ ఉండాలి కదమ్మా" అంది. గొంతు పెంచలేదు. "మాకు ఆ రూల్ వర్తించాలన్నా ఒక ఇల్లు కావాలి. ఈ రెండు నెలలు అయ్యాక పిల్లని తీసుకుని ఎక్కడికి వెళ్లను? ఇప్పటికి పదకొండు ఇళ్లు చూశాం. దొరికింది ఇదొక్కటే."

మోరీన్ టీ పెడతానని లోపలికి వెళ్లింది. నేను రెండు పక్షులనూ మళ్లీ చూశాను. ఒకదాని ముక్కు వంకర, రెండోదాని ముక్కూ వంకరే.

"ఆక్షనీర్‌కి ఫోన్ చెయ్యి" అన్నాను.

"కోడి అని తేలిందా?"

"తేలలేదు. నువ్వు చెయ్యి."

శ్రావణి షెడ్డు బయటికి వెళ్లి మాట్లాడింది. తిరిగి వచ్చి, టీ తాగుతూ మోరీన్ భుజం మీద తల పెట్టి కాసేపు ఏడ్చింది. నా భుజం పక్కనే ఉంది. సాయంత్రం అయిదు దాటాక రైలు ఎక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరాం.

అది ఏ పక్షో నాకు ఈరోజుకీ తెలియదు. తెలుసుకుందామనే అంత దూరం వెళ్లాను, వెళ్లినప్పటి కంటే ఎక్కువ సందేహాలతో వచ్చాను. గృహప్రవేశానికి సుబ్రహ్మణ్యస్వామికి ఒక కొబ్బరికాయ, గరుత్మంతుడికి ఒకటి కొట్టిస్తాను. ఇద్దరిలో ఎవరిది అనవసరమైనా నష్టం లేదు. ఆ పక్షిని చేసినవాడు మాత్రం ఏ పేరూ మనసులో పెట్టుకోకుండా, గాలికి సరిగ్గా తిరిగితే చాలనుకుని చేశాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ మాట మీద నిలబడదామన్నా, మర్నాటికి అది మళ్లీ గద్దలాగే కనిపిస్తుంది.

మీ ఇంటి మీది బొమ్మ గురించి ఎవరినైనా అడగాలనుకుంటే, గాలి లేని రోజు చూసి, రెండు పక్కల నుంచీ ఫోటోలు తీసుకెళ్లండి. ఎదురుగా నిలబడి తీస్తే ఏ జంతువైనా ఒక సన్నని గీతలాగే పడుతుంది.