కారం మంటేలే అనుకున్నాం

మొన్న హైదరాబాదులో నా బొమ్మల ప్రదర్శన జరిగినప్పుడు, నా మనవరాలి వయసున్న పిల్ల ఒకతె ప్రతి పటం ముందూ ఆగి ఆగి చూసి, వంటింట్లోనో పెరట్లోనో ఉన్న ఈ ఆడవాళ్ళందరూ మనకు వీపు పెట్టే ఎందుకు కూర్చున్నారని అడిగింది. కళ గురించి ఏదో గొప్ప సంగతి చెబుతాననుకుందేమో, ఫోను కూడా ముందుకు చాపింది పాపం. ఆ వీపు మా అమ్మది.

మాది రాజుపాలెం దగ్గర పల్లె, మిరప పండించే ఇల్లు. కల్లంలో కాయలు ఎండాక అమ్మ, ఇరుగుపొరుగు పిన్నులు మా వసారాలో చేరి తొడిమలు తీసేవారు. సాయంత్రానికి చేతులు భగభగ మండిపోయి మజ్జిగలో ముంచుకు కూర్చునేవారు. చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి కూడా జంకేవారు. ఒళ్ళు మండటం మా ఇళ్ళలో రోగం కింద లెక్క కాదు.

బొమ్మల కాలేజీలో చేరిన కొత్తలో సెలవులకు వచ్చి, మనిషి ఒంటిని గీయడం నేర్చుకోవాలని అమ్మను బతిమాలాను. తిట్టింది, నవ్వింది, చివరకు పెరట్లో స్నానం చేసి, రవిక లేకుండా తడి చీర చుట్టుకుని, నాకు వీపు పెట్టి పీట మీద కూర్చుంది.

“ఇంత చదువు చదివి నా వీపు గీస్తన్నావా ఏందే? గీసుకో. ముందుకు మాత్రం రామాక.”

ఎండకు నల్లబడిన మెడ, రవిక చాటున తెల్లగా మిగిలిపోయిన వీపు, బిందెలు మోసి ఒక పక్కకు ఒరిగిన నడుము, ఎంత అందంగా ఉండేదో మా అమ్మ. గీస్తుంటే ఆమె చెయ్యి మాటిమాటికీ రొమ్ము మీదికి పోతోంది. ఏమైందని అడిగాను.

“కారం మంటేలేవే. చానా రోజుల్నుంచి పోవట్లా. మజ్జిగ రాస్తన్నాగా.”

కారం మంటేలే అని నేనూ అనుకున్నాను. మా ఊళ్ళో ఏ ఆడమనిషైనా అదే అనుకునేది. వానలు పడ్డా తగ్గకపోయేసరికి నరసరావుపేట తీసుకెళితే, మగ డాక్టరు ముందు రవిక విప్పనని తిరిగొచ్చేసింది. బతిమాలి గుంటూరు చేర్చేసరికి రొమ్ములో గడ్డ ముదిరిపోయి చెయ్యి దాటిపోయింది. మళ్ళీ మిరప పండేనాటికి అమ్మ లేదు.

ఈ మధ్య ఊరికి వెళితే, కల్లం దగ్గర ఒక నర్సమ్మ కూలికొచ్చిన ఆడవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, రొమ్ములో గడ్డ ఉందేమో ఎవరికి వారు ఎలా తడిమి చూసుకోవాలో ఏ మొహమాటం లేకుండా చెబుతోంది. వాళ్ళూ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూనే వింటున్నారు. మా అమ్మకు ఎవరూ చెప్పని ఆ మాటలు ఒక పక్కన కూర్చుని నేనూ విన్నాను. అమ్మ బతికిన వయసు దాటి నాకు చాలా ఏళ్ళయింది. ఇప్పుడు స్నానం చేసేటప్పుడు నర్సమ్మ చెప్పినట్టే తడిమి చూసుకుంటాను. చేతికి ఏమీ తగలదు. తగలనందుకే ఏడుపొస్తుంది.